ఉప్పగా తగిలే నుదుటి వెనుక జబ్బు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... ఏ ఊళ్లోనైనా బిడ్డ పుట్టగానే తల్లి చూసేది ఏడ్చిందా, పాలు తాగిందా అనే. పాలు తాగినా ఒళ్లు చేయక, దగ్గు వదలక, ముద్దు పెడితే నుదురు ఉప్పగా తగిలే బిడ్డలు కొందరుంటారు. వారి జబ్బును మొదట స్పష్టంగా గుర్తించినవారు డాక్టర్ డొరోతీ ఆండర్సన్.

ఆమె 1901 మే 15న అమెరికాలోని ఆష్‌విల్‌లో జన్మించారు. తండ్రి వై.ఎం.సి.ఏ. కార్యదర్శి. ఆమె చిన్నతనంలోనే ఆయన మరణించారు. జబ్బుపడిన తల్లిని చూసుకుంటూ చదువుకున్నారు. 1920లో తల్లి కూడా ప్రభువు సన్నిధికి వెళ్లారు. ఒంటరిదైనా చదువు ఆపక, 1926లో జాన్స్ హాప్కిన్స్‌లో వైద్య పట్టా అందుకున్నారు. ఆపరేషన్లు చేసే డాక్టర్ కావాలని ఆశపడితే, స్త్రీ అన్న కారణంతో అవకాశం ఇవ్వలేదు. ఆమె నిరుత్సాహపడక పాథాలజీ వైపు మళ్లారు. మూసిన ఆ తలుపు దేవుని చేతిలో మరో దారి అయింది.

1935 నుండి న్యూయార్క్‌లోని బేబీస్ హాస్పిటల్‌లో పనిచేశారు. సీలియాక్ జబ్బుతో పోయిందనుకున్న ఒక బిడ్డ క్లోమగ్రంథిలో ఆమెకు వేరే మార్పులు కనబడ్డాయి. అక్కడితో వదిలేయలేదు. అలాంటి పిల్లల వివరాలు ఓపికగా సేకరించి, 1938లో సిస్టిక్ ఫైబ్రోసిస్‌ను ప్రత్యేక వ్యాధిగా వివరించారు. ఈ పిల్లల చెమటలో ఉప్పు ఎక్కువని 1953లో ఆమె సహోద్యోగి డాక్టర్ డి సాంట్ ఆగ్నీస్ బృందం తేల్చింది. చెమట పరీక్ష అలా పుట్టింది. ఆండర్సన్ 1963 మార్చి 3న కన్నుమూశారు.

1979లో న్యూజిలాండ్ వైద్యులు మరో మెట్టు ఎక్కారు. శిశువు మడమ నుండి కాగితంపై తీసుకున్న ఎండు రక్తపు చుక్కలో ట్రిప్సినోజెన్ ఎక్కువుంటే అనుమానించవచ్చని చూపారు. ఆ ఫలితం హెచ్చరిక మాత్రమే. చెమట పరీక్షతోనే నిర్ధారణ. ముందే తెలిస్తే జీర్ణానికి ఎంజైములు, మంచి ఆహారం, ఊపిరితిత్తుల సంరక్షణ వెంటనే మొదలుపెట్టవచ్చు.

మన దగ్గర ఈ రక్తపరీక్ష ప్రతి శిశువుకూ జరగడం లేదు. తల్లిదండ్రులిద్దరి నుండీ లోపమున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది. కనుక మేనరికాలున్న ఇళ్లలో మరింత జాగ్రత్త అవసరం. బిడ్డ ఎదగకపోతే దిష్టి అని ఆగకండి, కోడలిని నిందించకండి. పిల్లల డాక్టర్‌కు చూపించి, చెమట పరీక్ష గురించి అడగండి. తొంభై తొమ్మిదింటిని విడిచి ఒక్కదాన్ని వెదికిన కాపరి మన ప్రభువు. ఒక్క బిడ్డ కోసం ఆగి చూసిన ఆండర్సన్ జీవితం మనకూ అదే నేర్పుతోంది.