నిజామియా పీఠం వదిలిన ఇమామ్ గజాలీ (రహ్మలై)

పొరుగువాడు కొత్త ఇల్లు కట్టుకుంటే మనకు అన్నం సహించదు. అసూయ అనే ఈ జబ్బు గురించి ఇమామ్ గజాలీ (రహ్మలై) రాసినంత లోతుగా రాసినవారు తక్కువ. లోకం దేనికోసం అర్రులు చాస్తుందో ఆ సంపద, హోదా, పేరు ప్రతిష్ఠలన్నీ ఆయన అనుభవించి చూశారు. ఆ తరువాతే రాశారు.

ఆయన క్రీ.శ. 1058లో ఖురాసాన్‌లోని తూస్‌లో జన్మించారు. ఆ ఊరు నేటి ఇరాన్‌లో ఉంది. తండ్రి ఉన్ని వడికి అమ్ముకుని బతికే పేదవాడు. తనకు చదువు అబ్బకపోయినా పండితుల సభల్లో కూర్చుని, బిడ్డలు విద్వాంసులు కావాలని దుఆ చేసేవాడు. మరణ సమయంలో ముహమ్మద్, అహ్మద్ అనే ఇద్దరు కొడుకులను, కూడబెట్టిన కొద్దిపాటి సొమ్మును ఒక సూఫీ మిత్రుడికి అప్పగించాడు. కొంతకాలానికి ఆ సొమ్ము అయిపోయింది. మిత్రుడూ నిరుపేదే. మద్రసాలో చేరితే చదువుతోపాటు తిండి కూడా దొరుకుతుందని పిల్లలకు సలహా ఇచ్చాడు. తాము విద్య కోసం బయలుదేరింది అల్లాహ్ ప్రీతి కోసం కాదని ఇమామ్ తరువాతి కాలంలో దాచుకోకుండా చెప్పారు.

నీషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ (రహ్మలై) దగ్గర చదువు సాగింది. 1085లో గురువు మరణించాక సెల్జూక్ వజీరు నిజాముల్ ముల్క్ కొలువులో చేరి, వాదోపవాదాల్లో అందరినీ మించిపోయారు. 1091లో వజీరు ఆయనకు బాగ్దాద్ నిజామియా మద్రసాలో అధ్యాపక పీఠం అప్పగించాడు. అప్పటికి వయస్సు 33 ఏళ్ళు. 300 మంది విద్యార్థులు పాఠం వినేవారు. ఆయన బాగ్దాద్‌లో అడుగుపెట్టినప్పుడు ఒంటిమీది దుస్తులకు, ఎక్కివచ్చిన వాహనానికి అక్కడివారు వెల కడితే 500 దీనార్లు తేలిందని చరిత్రకారులు రాశారు. ఒక మనిషి బట్టలకు లెక్క కట్టి కూర్చున్నారంటే ఆ చూపుల్లో ఏముందో వేరే చెప్పాలా?

ఆ చూపులకు కనబడని సంగతి వేరే ఉంది. ఇమామ్ తన సంకల్పాన్ని తానే పరీక్షించుకున్నారు. పాఠం చెప్పడం వెనుక కీర్తికాంక్ష తప్ప మరేమీ కనిపించలేదు. వదిలి వెళ్ళాలని ఉదయం నిర్ణయించుకుంటే సాయంత్రానికి మనసు వెనక్కి లాగేది. 1095లో సుమారు ఆరు నెలలు ఈ నలుగుడే. చివరికి నాలుక పడిపోయింది. విద్యార్థులకు ఒక్క మాట కూడా చెప్పలేకపోయేవారు. గుక్కెడు నీరు గొంతు దిగేది కాదు. ఇది గుండెలోని దిగులు, మందులకు లొంగదని వైద్యులు చేతులెత్తేశారు.

పిల్లల పోషణకు సరిపడా ఉంచి, మిగిలిన ధనమంతా పంచేశారు. మక్కా వెళుతున్నానని చెప్పి సిరియా దారి పట్టారు. ఇంతటి పదవిని ఎవరైనా ఊరికే వదులుకుంటారా? ఇస్లాం సమాజానికే దిష్టి తగిలిందని కొందరు వాపోయారట! డమాస్కస్ పెద్ద మసీదు మినార్‌పైకి ఎక్కి, తలుపు మూసుకుని రోజంతా ఆరాధనలో గడిపేవారు. తరువాత జెరూసలేం, హెబ్రాన్ దర్శించి హజ్ చేశారు. సుల్తానుల దర్బారుకు వెళ్ళనని, వారి సొమ్ము ముట్టనని, వాదాలకు దిగనని హెబ్రాన్‌లో హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) సమాధి వద్ద ప్రమాణం చేశారు.

ఆ సంవత్సరాల్లోనే 'ఇహ్యా ఉలూమిద్దీన్' రూపుదిద్దుకుంది. అందులోని 40 గ్రంథాల్లో ఒకటి కోపం, పగ, అసూయల గురించి. చెప్పులు కుట్టేవాడు మరో చెప్పులు కుట్టేవాణ్ణి చూసి కుళ్ళుకుంటాడు గాని బట్టల వర్తకుణ్ణి చూసి కాదంటారు ఇమామ్. పండితుణ్ణి చూసి అసూయపడేదీ పండితుడే. ధనం ఒకరి చేతికి వస్తే మరొకరి చెయ్యి ఖాళీ అవుతుంది. జ్ఞానం అలా కాదు, ఎంతమంది పంచుకున్నా తరగదు. జ్ఞానంతో హోదా కొనుక్కోవాలనుకున్నప్పుడే పండితుల మధ్య అసూయ పుడుతుంది. అసూయాపరుడు విసిరిన రాయి తిరిగివచ్చి అతని కంటినే పొడుస్తుందని కూడా ఆయన హెచ్చరించారు. ఎదుటివాడి మేలు పోవాలని కోరకుండా, అలాంటి మేలు తనకూ కలగాలని ఆశించడం మాత్రం అసూయ కాదని విడమరిచారు.

ఆయన మళ్ళీ బాగ్దాద్ వచ్చినప్పుడు జనం పాత అలవాటు కొద్దీ దుస్తులకు వెల కట్టారు. ఈసారి 15 ఖీరాత్‌లు తేలింది. ఒక దీనార్ కూడా కాదన్నమాట.

1106లో వజీరు ఒత్తిడిపై నీషాపూర్‌లో కొంతకాలం బోధించినా, తిరిగి తూస్ చేరి ఇంటి పక్కనే చిన్న మద్రసా, సూఫీల కోసం ఒక ఖాన్‌ఖా నడిపారు. 1111లో ఒక సోమవారం ఫజ్ర్ వేళ వుజూ చేసి, నమాజు ముగించి, కఫన్ తెమ్మన్నారు. దాన్ని ముద్దుపెట్టుకుని కళ్ళకు అద్దుకున్నారు. ఖిబ్లా వైపు పడుకుని కన్నుమూశారు. వెనుక కుమార్తెలు మాత్రమే మిగిలారు. ఇంటివారికి సరిపడే చిన్న ఆదాయం ఉండేది. ఇంకా ధనం ఇవ్వజూపినవారు ఉన్నా ఆయన తీసుకోలేదు.