పద్నాలుగు అణాల లెక్క అడిగిన సభ్యుడు

అంబేడ్కర్ అనగానే మనకు రాజ్యాంగం గుర్తొస్తుంది, మహద్ గుర్తొస్తుంది, నాగపూర్ దీక్షాభూమి గుర్తొస్తుంది. సభలో లేచి బడి గురించి, బావి గురించి, పన్ను గురించి మంత్రులను నిలదీసిన సభ్యుడు మాత్రం అంతగా గుర్తుకు రాడు. మన వాడల్లోని విగ్రహాల చేతిలో రాజ్యాంగమే ఉంటుంది, బడ్జెట్ పుస్తకం ఉండదు. ఈసారి మేం ఆ సభ్యుడి గురించి రాస్తున్నాం.

1927 ఫిబ్రవరిలో బొంబాయి శాసనమండలిలో అడుగుపెట్టేనాటికి ఆయనకు 35 ఏళ్లు. ఓట్లతో గెలిచి రాలేదు. అణగారిన వర్గాల తరఫున గవర్నర్ నామినేట్ చేసిన ఇద్దరిలో ఒకరు. రెండో సభ్యుడు డాక్టర్ పి.జి. సోలంకి. అంత పెద్ద సభలో ఇద్దరు!

అది ద్వంద్వ పాలన కాలం. పోలీసు, భూమి శిస్తు, ఖజానా గవర్నర్ వైపు ఉండేవి. చదువు, వైద్యం, స్థానిక సంస్థలు భారతీయ మంత్రుల కింద ఉండేవి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కలిసున్న మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఇదే ఏర్పాటు. ఆ మంత్రులు నిలబడేది సభలోని సభ్యుల మద్దతుతో. ఆ సభ్యుల్లో ఎక్కువమంది ఊరివాళ్లే, వాడవాళ్లు కాదు. వాడ పిల్లకు బడి, వాడ కడవకు నీళ్లు ఎవరి ఇష్టం మీద ఆధారపడ్డాయో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఫిబ్రవరి 24న బడ్జెట్‌పై మాట్లాడుతూ ఆయన మొదట పట్టుకున్నది శిస్తును. ఆదాయపు పన్నుకు ఒక హద్దు ఉంది, దానికి లోపు సంపాదించేవాడిని వదిలేస్తారు. భూమి శిస్తుకు అలాంటి హద్దే లేదు. పంట పండినా ఎండినా, ఎకరం ఉన్న పేద రైతు కట్టాల్సిందే. ఇది ఏం న్యాయమని అడిగారు.

మార్చి 12న విద్యాశాఖ పద్దు వచ్చింది. ఆయన ప్రసంగాల్లో మాకు బాగా నచ్చినవాటిలో ఇదొకటి. అందులో ఆవేశం కన్నా లెక్కలే ఎక్కువ. ప్రభుత్వం మనిషికి చదువు మీద పెడుతున్నది 14 అణాలు. అబ్కారీ ద్వారా అదే మనిషి నుంచి లాగుతున్నది 2 రూపాయల 2 అణాల 9 పైసలు. జనం దగ్గర సారా మీద ఎంత తీసుకుంటున్నారో కనీసం అంతైనా వాళ్ల చదువుకు తిరిగి ఇవ్వాలన్నది ఆయన కోరిక. బడిలో చేరిన 100 మంది పిల్లల్లో నాలుగో తరగతికి చేరేది 18 మంది. మిగతా 82 మంది మళ్లీ నిరక్షరాస్యులే. ఈ నడకన పోతే బడి ఈడు మగపిల్లలందరూ బడికి రావడానికి 40 ఏళ్లు, ఆడపిల్లలకు 300 ఏళ్లు పడుతుందని కూడా లెక్క తేల్చారు. మొత్తం ఎంతమంది చదువుతున్నారని అడిగి ఊరుకోలేదు. ఏ వర్గం వాళ్లు ఎంతమంది అని విడదీసి చూపించారు. రెండు లక్షల జనాభాకు అగ్రవర్ణ హిందువుల్లో కాలేజీకి వెళ్లేవాళ్లు వెయ్యి మంది. వెనకబడిన వర్గం గడిలో దాదాపు సున్నా. ఇవాళ ఉప ప్రణాళిక నిధులు ఎటు పోయాయని సభలో అడిగే మన ఎమ్మెల్యేలు పట్టుకోవాల్సిన కొస ఇదే. మొత్తం సొమ్ము చూపిస్తే సరిపోదు, చేరిందెవరికో చూపించాలి.

ఆ ప్రసంగం అయిన ఎనిమిదో రోజున, మార్చి 20న, ఆయన కొలాబా జిల్లా మహద్‌లో చవదార్ చెరువు మెట్లు దిగి నీళ్లు తాగారు. ఈ రెండు పనులనూ మనం విడివిడిగా చెప్పుకుంటాం. నిజానికి చెరువు కథ మొదలైంది సభలోనే. 1923 ఆగస్టు 4న ఎస్.కె. బోలే తీర్మానం పెట్టారు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే నీటి వనరులు, ధర్మశాలలు, బడులు, కోర్టులు, ఆఫీసులు, ఆసుపత్రులు అంటరానివారికీ తెరవాలన్నది దాని సారాంశం. సభ ఒప్పుకుంది, ప్రభుత్వం ఉత్తర్వు పంపింది. 1924లో మహద్ మునిసిపాలిటీ కూడా చెరువు అందరిదీ అని రాసుకుంది. అయినా ఒక్క కడవ మునగలేదు. మాట వినని మునిసిపాలిటీలకు గ్రాంటు ఆపాలని 1926లో బోలే మరో తీర్మానం తెచ్చారు. కాగితం ఉంది, కడవ ఖాళీ! జనం వెళ్లి తాగాకే అసలు రంగు బయటపడింది. ఊరివాళ్లు దళితులను కొట్టారు, పేడా పంచితంతో చెరువును శుద్ధి చేశారు. 1927 ఆగస్టు 4న, అంటే బోలే తీర్మానానికి సరిగ్గా నాలుగేళ్లు నిండిన రోజున, మునిసిపాలిటీ తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది.

1928లో ఆయన ప్రసూతి భత్యం బిల్లును సమర్థించారు. ఆ ఏడాదే మహర్ వతన్ బిల్లు పెట్టారు. కాస్త ఇనాం భూమి చూపించి, రాత్రీ పగలూ అని లేకుండా సర్కారు పని చేయించుకునే పద్ధతి అది. మహర్ ఊళ్లో లేకపోతే ఇంట్లోవాళ్లు చేయాలి. దాన్ని వెట్టి అనకుండా ఏమనాలి? సర్కారు మద్దతు దొరకలేదు. 1929లో బిల్లును వెనక్కి తీసుకున్నారు.

అణగారిన వర్గాల ఇబ్బందులపై ప్రభుత్వం స్టార్టే అధ్యక్షతన ఒక కమిటీ వేస్తే అందులో ఆయన సభ్యుడు. 1929లో ఆ పని మీద తిరిగి వస్తూ చాలీస్‌గావ్ స్టేషన్‌లో దిగారు. మహర్‌వాడకు తీసుకెళ్లడానికి ఒక్క జట్కావాడూ ఒప్పుకోలేదు. అతిథిని నడిపించడం ఇష్టంలేక వాడవాళ్లు జట్కా అద్దెకు తెచ్చారు. ఎన్నడూ జట్కా తోలనివాడు పగ్గాలు పట్టాడు. కల్వర్టు మీద చక్రం రాళ్ల మధ్య ఇరుక్కుని ఆయన ఎగిరి రాళ్లపై పడ్డారు, కాలు విరిగింది. విదేశాల్లో చదివి వచ్చిన బారిస్టర్‌కు, సర్కారీ కమిటీ సభ్యుడికి దొరికిన రవాణా సౌకర్యం అది.

చెరువు మీద హైకోర్టు తీర్పు 1937 మార్చి 17న వచ్చింది. చెరువు అందరిదే అంది. బోలే తీర్మానం నుంచి లెక్కేస్తే 13 ఏళ్ల 7 నెలలు. ఆ ఏడాదే ఆయన ఈసారి ఓట్లతో గెలిచి బొంబాయి శాసనసభలో కూర్చున్నారు. సెప్టెంబరులో కొంకణ్ కౌలు రైతుల కోసం ఖోతీ రద్దు బిల్లు ప్రవేశపెట్టారు.