మందు పెట్టారన్న మాట

ఆస్పరి, ఆదోని ప్రాంతాల్లో వయసులో ఉన్నవారెవరైనా హఠాత్తుగా కన్నుమూస్తే, భూస్థాపన ముగియకముందే ఎవరో మందు పెట్టినారంట అన్న మాట వీధిలోకి వస్తుంది. ఎవరి పేరు బయటికొస్తే వారిక తలెత్తుకోలేరు. సంఘాల్లోనూ ఇది జరుగుతోంది గనుక ఈ వారం సంగీతకర్త మొజార్ట్ మరణాన్ని గూర్చి వ్రాస్తున్నాము.

1756లో సాల్జ్‌బర్గ్‌లో పుట్టిన మొజార్ట్ వియన్నాలో స్థిరపడ్డాడు. 1791 వేసవిలో పేరు చెప్పని దూత ఒకడు ఆయన యొద్దకు వచ్చి, మృతుల జ్ఞాపకార్థ ఆరాధనకు రెక్వియెమ్ అనే సంగీతం కూర్చమన్నాడు. పంపినది వాల్‌సెగ్ అనే జమీందారు. ఆ ఫిబ్రవరిలో ఆయన భార్య చనిపోయింది. ఆమె కోసం మొజార్ట్ చేత వ్రాయించి, తానే వ్రాశానని చెప్పుకోవాలని ఆయన తలంపు. (దుఃఖంలోనూ మనిషికి పేరు కావాలి!) ఇదేమీ ఎరుగని మొజార్ట్, ఒంట్లో నలతగా ఉన్న రోజుల్లో, తనకెవరో విషం పెట్టారనీ ఈ సంగీతం తన చావుకే వ్రాసుకుంటున్నాననీ భార్య కాన్‌స్టాంజెతో చెప్పుకున్నాడు.

నవంబరులో మంచం పట్టాడు. కాళ్లు చేతులు వాచి పక్కమీద కదలలేకపోయాడు. డిసెంబరు 5న, అర్ధరాత్రి దాటాక, 35 ఏళ్లకే మరణించాడు. మరణాల రిజిస్టరులో తీవ్రమైన పొక్కుల జ్వరమని వ్రాశారు. శవపరీక్ష జరగలేదు. సెయింట్ మార్క్స్ శ్మశానంలో ఆయన సమాధికి గుర్తు లేదు గనుక తర్వాతి కాలంలో వెదకినవారికి చోటు కూడా తేలలేదు.

రుజువు లేనిచోట పుకారు దూరింది. ఆస్థాన సంగీతాధిపతి సాలియేరీ అసూయతో విషం పెట్టాడన్నారు. నిజానికి ఆ అక్టోబరులోనే ఆయన మొజార్ట్‌తో కలిసి నాటకశాలకు వెళ్లి, మాయా వేణువు ఒపేరాను మెచ్చుకున్నాడు. 1823లో ముసలితనంలో మతి చెదరి ఆసుపత్రిలో ఉండగా నేరం ఒప్పుకున్నాడని మరో పుకారు లేచింది. ఆయన్ను కనిపెట్టుకొని ఉన్న సేవకులు అది అబద్ధమని వ్రాసిచ్చారు. ఆ కాగితాన్ని ఎవరు తలచుకున్నారు? 1825లో ఆయన చనిపోయిన కొన్నేళ్లకే రష్యా కవి పుష్కిన్ ఆ నింద మీద నాటకం వ్రాశాడు.

2009లో పరిశోధకులు ఆనాటి వియన్నా మరణ రికార్డులు తిరగేశారు. మొజార్ట్ పోయిన వారాల్లో, ఆయన వయసు మగవారిలో ఒళ్లు వాచి చనిపోయినవారు మామూలుకంటే ఎక్కువని కనుగొన్నారు. గొంతుకు సోకి, దాని పర్యవసానంగా మూత్రపిండాలను దెబ్బతీసే స్ట్రెప్టోకాకస్ అంటురోగం కావచ్చని వారి అంచనా. అదే తుది మాట కాదుగానీ, విషం కంటే నమ్మదగినదని మాకు తోస్తుంది.

తండ్రి పోయేనాటికి చిన్నకొడుకు ఫ్రాంజ్ జేవర్ నాలుగు నెలల పసివాడు. భర్త చివరి మాటలు విన్న కాన్‌స్టాంజె, ఆ పిల్లవాడు పెద్దయ్యాక సంగీతం నేర్చుకోవడానికి సాలియేరీ దగ్గరికే పంపింది.