కొండకు అండ ఎలా దొరికింది? అన్నమయ్య ప్రాస కథ

 

ఈ వారం వీడియోలో అన్నమయ్య జీవితం చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక వదిలేసిన ఒక సంగతి ఇక్కడ రాస్తున్నాను. పాటలు రాయాలని ఆశపడే వాళ్ళు మాత్రం తప్పకుండా చివరిదాకా చదవండి.

ఆ మధ్య మన ఛానల్ కోసం స్వామి మీద చిన్న పాట రాద్దామని కూర్చున్నాను. మొదటి లైన్ బాగానే వచ్చింది. రెండో లైన్ చివర ప్రాస కుదరలేదు. ఫోన్‌లో వెతికితే బోలెడు మాటలు దొరికాయి. అన్నీ చివర్లో ఒకేలా మోగుతున్నాయి గానీ, వాటికీ స్వామికీ ఏ సంబంధమూ లేదు. విసుగొచ్చి అన్నమయ్య కీర్తనల పుస్తకం తీశాను. అర్థం కాసేపు పక్కన పెట్టి, ప్రతి పాదంలో రెండో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ చదివాను. నేను వెతుకుతున్న చోటే తప్పని అప్పుడు తెలిసింది.

మన పద్యానికీ పదానికీ ప్రాస ఉండేది చివర కాదు, మొదట్లో. పాదంలో రెండో అక్షరంగా ఏ హల్లు వస్తే, మిగతా పాదాల్లోనూ రెండో అక్షరంగా అదే హల్లు రావాలి. దాని ముందున్న అక్షరం ఒకచోట గురువైతే అన్నిచోట్లా గురువే, లఘువైతే అన్నిచోట్లా లఘువే. ఒకచోట సున్నా ఉంటే అన్నిచోట్లా సున్నా ఉండాలి. చివర మోగే అంత్యప్రాస కూడా ఉంటుంది గానీ, అది నగ లాంటిది. రెండో అక్షరం ప్రాణం.

ఇప్పుడు కొండ అనే మాట తీసుకోండి. దానికి ప్రాస వెతికితే ఏం వస్తాయి? అండ, దండ, గుండె, నిండు, పండుగ, ఉండు. ఒక్కసారి ఆగి చూడండి. అన్నీ తిరుమల మాటలే! శ్రీవేంకట అని పాదం మొదలుపెట్టండి. రెండో అక్షరం వ, ముందు గురువు. దేవుడు, సేవ, భావము, జీవుడు, పావనము, తోవ వరసగా వచ్చి నిలబడతాయి. ప్రాస కోసం వెళ్ళిన మనిషికి దారిలో స్వామే ఎదురొచ్చినట్టుంది నాకైతే.

ఈ దారిలో దాదాపు ఎనభై ఏళ్ళు నడిచినవాడు అన్నమయ్య. 1408లో కడప సీమలో, రాజంపేట దగ్గర తాళ్ళపాకలో పుట్టాడు. తండ్రి నారాయణ సూరి, తల్లి లక్కమాంబ. మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రము చెప్పే కథ మీకు తెలిసిందే. పశువులకు గడ్డి కోస్తుంటే చిటికెన వేలు తెగింది. ఆ బాధలో ఇంటి బంధమే తెగినట్టయి, తిరుమల యాత్రికుల గుంపుతో కలిసి కొండకు వెళ్ళిపోయాడు. పదహారో ఏట స్వామి ప్రత్యక్షమయ్యాడనీ, 1424లో మొదలైన సంకీర్తన 1503లో ఆయన వెళ్ళిపోయే దాకా సాగిందనీ రాగిరేకు మీదే చెక్కి ఉంది. మొత్తం 32,000 సంకీర్తనలని పెద్దలు చెబుతారు. లెక్క వేస్తే రోజుకు ఒకటికి మించే!

రోజూ అన్ని మాటలు ఎక్కడ దొరికాయి? ఆయన నిఘంటువు ముందు కూర్చోలేదు, జనం నోటి దగ్గర కూర్చున్నాడు. వడ్లు దంచే ఆడవాళ్ళ సువ్వి పాట, పిల్లల్ని ఊపే జోల, లాలి, సంక్రాంతి గొబ్బి, అన్నిట్నీ స్వామి పాటలు చేశాడు. సంస్కృతం రాక కాదు. పదాలు ఎలా కట్టాలో చెప్పే సంకీర్తన లక్షణాన్ని సంస్కృతంలోనే రాశాడు. అది మనకు దక్కలేదు, మనుమడు చిన తిరుమలాచార్యులు చేసిన తెలుగు రూపం మిగిలింది. ఆయన ఇల్లే ఒక బడి. భార్య తిమ్మక్క కూడా సుభద్రా కల్యాణం రాసిన కవయిత్రి.

ఇక అసలు విషయం. తర్వాత 1485లో విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహరాయలు అన్నమయ్యను ఎంతో గౌరవించేవాడు. చిన్నన్న చెప్పిన ప్రకారం, ఒకరోజు స్వామి మీద శృంగార సంకీర్తన విని, తన మీద కూడా అలాంటిదొకటి చెప్పమని అడిగాడు. అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. హరిని పొగిడిన నోటితో మనిషిని పొగడనన్నాడు. రాజుకు కోపం వచ్చి సంకెళ్ళు వేయించాడు. అన్నమయ్య స్వామికి మొరపెట్టుకుంటూ పాడితే సంకెళ్ళు వీడిపోయాయి. చివరికి రాజే తప్పు తెలుసుకుని క్షమాపణ అడిగాడు.

ఈ కథ చిన్నప్పటి నుంచి వింటున్నదే. కానీ ప్రాస అర్థమయ్యాక నాకు వేరేలా కనిపించింది. ఆ రాజు అడిగింది అన్నమయ్యకు ఎంత తేలిక పనో చూడండి. నరసింహ అని మొదలుపెడితే రెండో అక్షరం ర. దొర, సిరి, సరి, పరువు... రాజుకు తగిన మాటలు క్షణంలో వచ్చేస్తాయి. పాట పూర్తయ్యేది, బహుమతి అందేది. ప్రాసలో ఒక్క తప్పు కూడా ఉండేది కాదు. అయినా ఆయన సంకెళ్ళే ఒప్పుకున్నాడు. ఎందుకంటే ప్రాస కుదరడం వేరు, మాట నిజం కావడం వేరు. మొదటిది చేతనైన వాళ్ళు చాలామంది ఉంటారు. రెండో దాని కోసం సంకెళ్ళు వేయించుకునే వాళ్ళు ఎందరుంటారు?

కొడుకు పెద తిరుమలాచార్యులు పూనుకుని ఆ పాటల్ని రాగిరేకుల మీద చెక్కించాడు. గుడిలోని చిన్న సంకీర్తన భండారంలో అవి వందల ఏళ్ళు మౌనంగా ఉండి, 1922లో మళ్ళీ వెలుగు చూశాయి. ఈరోజు మన చేతిలో 12,000 పైచిలుకు కీర్తనలున్నాయి. ఆ రాజు గారి పాట మాత్రం లేదు, ఎందుకంటే అది పుట్టనే లేదు.

నా పాట సంగతి అంటారా? మొదటి లైన్ కొట్టేశాను. కొండ అని మొదలుపెట్టాను, రెండో లైన్ అండ అని వచ్చింది. మూడో దాని కోసం ఫోన్ చూడలేదు. అమ్మ పూజ చేసుకుంటూ పాడుకునే పాటలు విన్నాను.

మీరూ ఈ వారం ఒక పని చేయండి. మీకిష్టమైన అన్నమయ్య కీర్తన ఒకటి తీసుకుని, రెండో అక్షరం మీద వేలు పెట్టి చదవండి. ఏ అక్షరం దొరికిందో కామెంట్‌లో రాయండి, అందరం కలిసి చూద్దాం.

గోవిందా గోవింద!