యల్లాప్రగడ సుబ్బారావు

పోషకాహార లోపంతో రక్తం క్షీణించినవారికీ, వ్యాధి సోకి చూపు మందగించినవారికీ మేలుచేసిన మందుల వెనుక ఒక తెలుగువాని పరిశ్రమ ఉన్నది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో 1895 జనవరి 12న వెంకమ్మ, జగన్నాథం దంపతులకు సుబ్బారావు జన్మించారు. పేదరికం, కుటుంబంలోని వరుస మరణాలు ఆయన చదువుకు ఆటంకాలయ్యాయి. మెట్రిక్యులేషన్‌లో మూడవ ప్రయత్నంలో గాని ఉత్తీర్ణులు కాలేకపోయారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించి, ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది.

తిన్న ఆహారం ఒంటబట్టనీయక మనిషిని శుష్కింపజేసే వ్యాధి స్ప్రూ. సోదరులిద్దరు స్వల్ప వ్యవధిలో ఆ వ్యాధికి బలయ్యారు. అదే వ్యాధి సోకిన సుబ్బారావును ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్స బ్రతికించింది. ఆ వ్యాధికి మందు కనుగొనాలన్న తపన ఆయన మనస్సులో నాటుకొన్నది.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన సాయంతో ఆయన అమెరికా చేరారు. భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయారు. వారు మరల కలుసుకోలేదు. ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. ఫిస్కేతో కలిసి శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. కండరాల శక్తికి సంబంధించిన రహస్యాలను వెలికితీశారు.

1940లో లెడర్లీ పరిశోధనశాలలో చేరారు. ఆయన నేతృత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆకుకూరలలో ఉండే ఈ విటమిన్ స్ప్రూ రోగులకు, రక్తహీనతతో బాధపడే గర్భిణులకు వరమైంది. సోదరులను బలిగొన్న వ్యాధికి ఆ విధంగా మందు దొరికింది.

1947లో ఆయన బృందం వెలువరించిన హెట్రజాన్ బోదకాలు వ్యాధికి నేటికీ వాడుకలో ఉన్నది. పశ్చిమ ఆఫ్రికాలో వడిగా పారే నదుల వద్ద పెరిగే నల్ల ఈగల కాటు వలన 'నది అంధత్వం' వ్యాపించేది. చూపు పోతుందన్న భయంతో ప్రజలు సారవంతమైన నదీతీర భూములను విడిచిపోగా, అంధత్వానికి ఆకలి తోడయ్యేది. ఈ వ్యాధికి కొన్ని దశాబ్దాలు హెట్రజాన్‌నే వాడారు. కొందరిలో అది కంటికే హాని కలిగించడంతో, 1987 నుండి ఐవర్‌మెక్టిన్ దాని స్థానంలోకి వచ్చింది. సుబ్బారావు నేతృత్వంలోనే వెలుగు చూసిన ఆరియోమైసిన్ ట్రకోమా అనే కంటిజబ్బు చికిత్సకు ఉపకరించింది.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయస్సులో ఆయన అమెరికాలోనే కన్నుమూశారు. భారత ప్రభుత్వం 1995లో ఆయన శతజయంతికి తపాలా బిళ్ల విడుదల చేసింది. కీర్తిని సహచరులకు వదిలి, తాను తెరవెనుక నిలిచిన ధన్యజీవి సుబ్బారావు. సొంత ఇంటి దుఃఖాన్ని లోకహితానికి సోపానంగా మలచుకొన్న ఆయన జీవితం విద్యార్థులకు ఆదర్శప్రాయం.