ప్రపంచ పడవలను కొలిచిన నావికుడు

పిల్లలూ, మన భిలాయికి సముద్రం లేదు. అల చూడాలంటే రైలెక్కి విశాఖపట్నమో పూరీయో వెళ్లాల్సిందే. అయినా మన ఊరికీ ఓడలకీ చుట్టరికం ఉంది. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో మన నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్ కోసం ప్రత్యేకమైన ఉక్కు తయారుచేసిన సెయిల్ కర్మాగారాల్లో మన భిలాయి కూడా ఒకటి. అందుకే కాబోలు, అట్టముక్కలతో, ఐస్‌క్రీమ్ పుల్లలతో ఓడ బొమ్మలు చేసే పిల్లలు ఇక్కడా కనిపిస్తారు.

నమూనా ఓడలు చేయడం చాలా దేశాల్లో పెద్దవాళ్లకు కూడా ఇష్టమైన వ్యాపకం. ఆఫీసు పని అయ్యాక, రిటైరయ్యాక, నలుగురూ ఒకచోట చేరి, చిన్న రంపాలు, ఆకురాళ్లు, పట్టుకారులు ముందు పెట్టుకుని నెలల తరబడి ఒక్క ఓడ మీదే కూర్చుంటారు. ఒకరు తెరచాప కుడతారు, ఒకరు తాళ్లు పేనుతారు, ఒకరు తప్పు కొలత పట్టుకుంటారు. పాత ఓడల నమూనాలు చేసేవారికి బాగా తెలిసిన పేరు ఒకటుంది. అది ఫ్రాన్స్ దేశపు నావికుడు అడ్మిరల్ ఎడ్మండ్ పారిస్ పేరు. ఆయన జీవితకథలో మన తెలుగు తీరం ఉంది, ఒక ఇనుప కర్మాగారం ఉంది, చూసిన ప్రతి ఊరినీ విడిచి వెళ్లడం కూడా ఉంది. అందుకే ఆయన గురించి మీకు చెప్పాలనిపించింది.

ఎడ్మండ్ పారిస్ 1806 మార్చి 2న పుట్టారు. పుట్టిన ఊరు కూడా పారిసే. 1820లో, పద్నాలుగేళ్ల వయసులో, నౌకాదళ పాఠశాలలో చేరారు. అంటే మన తొమ్మిదో తరగతి పిల్లల ఈడు. అక్కడ లెక్కలతో పాటు బొమ్మలు గీయడమూ చదువులో భాగమే. అప్పటికి ఫోటో కెమెరా లేదు. తీరం ఎలా ఉందో, కొండ ఎక్కడుందో, రేవు ఎంత లోతో కాగితం మీద గీసి చూపగలవాడే మంచి నావికుడు. పారిస్ చేతికి ఆ పని బాగా అబ్బింది.

ఇరవయ్యేళ్లకే ఆయనకు పెద్ద అవకాశం వచ్చింది. 1826లో డ్యుమాన్ దుర్విల్ అనే కెప్టెన్ నాయకత్వంలో ఆస్ట్రోలాబ్ అనే ఓడ దక్షిణ సముద్రాలకు బయలుదేరింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, పసిఫిక్ దీవులు చూసి 1829లో తిరిగి వచ్చింది. ఆ యాత్రకు ఇంకో పని కూడా ఉంది. అంతకు నలభై ఏళ్ల కిందట లా పెరూజ్ అనే ఫ్రెంచి నావికుడు రెండు ఓడలతో సహా జాడ లేకుండా పోయాడు. 1828లో వనికోరో అనే దీవి దగ్గర, నీటి అడుగున, ఆ ఓడల లంగర్లు, ఫిరంగులు ఆస్ట్రోలాబ్ వారికి కనిపించాయి. అంత పెద్ద ఓడల్లో చివరికి మిగిలింది ఆ ఇనుప ముక్కలే. కొయ్య అంతా సముద్రం పాలైంది. కొయ్యతో కట్టినది ఎంత గొప్పదైనా ఎక్కువ కాలం నిలవదని ఆ యాత్రలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

రెండో యాత్ర 1829 చివర్లో మొదలైంది. ఓడ పేరు లా ఫావొరిత్, కెప్టెన్ పేరు లాప్లాస్. ఈ ఓడ మన దేశపు తూర్పు తీరానికి వచ్చింది. అప్పట్లో పుదుచ్చేరి, గోదావరి ఒడ్డున ఉన్న మన యానాం ఫ్రెంచివారి చేతుల్లో ఉండేవి. తోటి అధికారులు రేవులో దిగాక ఊరు చూడటానికి వెళ్లినా, పారిస్ చూపు మాత్రం ఒడ్డున ఉన్న పడవల మీద ఉండేది.

మద్రాసుకు అప్పుడు ఓడరేవు లేదు. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే, మనుషులను, సరుకులను మసులా పడవలు ఒడ్డుకు చేర్చేవి. ఆ పడవలో ఒక్క ఇనుప మేకు ఉండదు. పలకలను కొబ్బరిపీచు తాడుతో బట్టలు కుట్టినట్టు కుడతారు. లోపల పక్కటెముకల్లాంటి అడ్డు కొయ్యలు కూడా ఉండవు. అల వచ్చి కొడితే పడవ కొంచెం వంగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. అదే మేకులు కొట్టి బిగించిన గట్టి పడవైతే ఆ అలలకు, ఆ ఇసుకకు పగిలిపోతుంది. ఉక్కు ఊళ్లో పెరుగుతున్న మీకు ఇది వింతగా అనిపించవచ్చు. గట్టిగా ఉండటమే బలం కాదు, వంగి నిలబడటమూ బలమేనని ఆ పడవ కట్టినవారికి తెలుసు.

మసులా పడవ పక్కనే తెప్పలు. నాలుగైదు దుంగలను తాడుతో కట్టేస్తే తెప్ప. తమిళంలో దానినే కట్టుమరం అంటారు. ఇంగ్లీషులోని కాటమరాన్ అనే మాట అక్కడి నుంచి వచ్చిందే. మరికొంచెం ఉత్తరానికి వస్తే గోదావరి సముద్రంలో కలిసే చోట, ఇప్పటి కాకినాడకు దగ్గరలో, కోరంగి రేవు. అప్పట్లో అక్కడ ఓడలు కట్టేవారు, దూరం నుంచి వచ్చిన ఓడలకు మరమ్మతులు చేసేవారు. సరుకులు మోసే కోరంగి దోనె కూడా పారిస్ పుస్తకంలోకి ఎక్కింది.

ఇంతకీ ఆయన ఏం చేసేవారు? పడవ ఎంత అందంగా ఉందో గీసి ఊరుకోలేదు. దాన్ని కొలిచేవారు. పొడవెంత, వెడల్పెంత, లోతెంత, తెరచాప కొయ్య ఎక్కడ నిలబెట్టారు, ఏ తాడు ఎక్కడికి కట్టారు, పలకను పలకతో ఎలా కలిపారు అన్నీ రాసుకునేవారు. తర్వాత ఒకే పడవను మూడు రకాలుగా గీసేవారు. పక్క నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఒకటి, పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఒకటి, బెండకాయను అడ్డంగా చక్రాల్లా కోసినట్టు పడవను కోస్తే ఒక్కో చోట దాని ఆకారం ఎలా ఉంటుందో ఒకటి. ఈ మూడు బొమ్మలు, కొలతలు ఉంటే చాలు. ఆ పడవను ఎప్పుడూ చూడనివాడు కూడా తన ఊళ్లో కూర్చుని దాని నమూనా చేయగలడు.

మీరూ లెక్క వేసి చూడండి. విక్రాంత్ పొడవు 262 మీటర్లు. దాన్ని వెయ్యోవంతుకు తగ్గిస్తే 26 సెంటీమీటర్ల పైచిలుకు, అంటే మీ స్కేలు కంటే కాస్త చిన్నది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 30 మీటర్ల ఓడను నూరోవంతుకు తగ్గించారనుకోండి. పొడవు నూరు రెట్లు తగ్గుతుంది. తెరచాప వైశాల్యం మాత్రం 10,000 రెట్లు తగ్గుతుంది. ఘనపరిమాణం 10,00,000 రెట్లు తగ్గుతుంది, అదే పదార్థంతో చేస్తే బరువూ అంతే. బరువు అంతగా తగ్గిపోయి, తెరచాప అంతగా తగ్గకపోవడంతో చిన్న బొమ్మ ఓడ నీళ్లలో వేయగానే గాలికి పక్కకు ఒరిగిపోతుంది. నమూనాలు చేసేవారు అడుగున సీసం ముక్క పెట్టడానికి కారణం ఇదే.

1837లో ఆయన మూడో ప్రపంచయాత్రకు బయలుదేరారు. ఓడ పేరు ఆర్తెమీజ్, కెప్టెన్ మళ్లీ లాప్లాసే. ఈసారి మన దేశంలోనే ఆయనకు పెద్ద కష్టం ఎదురైంది. పుదుచ్చేరికి దక్షిణాన, పరంగిపేటలో అప్పుడు ఒక ఇనుప కర్మాగారం ఉండేది. పోర్టోనోవో ఇనుప కర్మాగారం అని దానికి పేరు. మన దేశంలో ఐరోపా పద్ధతిలో ఇనుము తీసిన తొలి కర్మాగారాల్లో అది ఒకటి. యంత్రాలంటే పారిస్‌కు ఆసక్తి. చూడటానికి వెళ్లారు. అక్కడ తిరుగుతున్న పళ్లచక్రాల మధ్య ఆయన ఎడమ చేయి ఇరుక్కుని నలిగిపోయింది. ఆ చేయిని కోల్పోయారు.

యంత్రం దగ్గర ఒక్క క్షణం ఎంత విలువైనదో భిలాయి పిల్లలకు ఎవరూ చెప్పనవసరం లేదు. షిఫ్టుకు వెళ్లే నాన్నగారి హెల్మెట్, బూట్లు రోజూ చూస్తూనే ఉంటారు కదా. నావికుడికి రెండు చేతులూ కావాలి. తాడు లాగాలి, నిచ్చెన ఎక్కాలి, ఊగే ఓడలో ఒక చేత్తో పట్టుకుని మరో చేత్తో పని చేయాలి. బొమ్మ గీసేవాడు కూడా ఒక చేత్తో స్కేలు నొక్కి పట్టి, మరో చేత్తో గీత గీయాలి. ముప్పై ఏళ్లు దాటిన కొద్దికాలానికే ఆయనకు ఇదంతా మళ్లీ కొత్తగా నేర్చుకోవలసిన పని అయింది. అయినా ఆయన నౌకాదళాన్ని వదల్లేదు, గీయడమూ మానలేదు. 1840లో యాత్ర ముగిసే సరికి ప్రపంచాన్ని మూడుసార్లు చుట్టి వచ్చారు.

ఇంతలో మన తీరంలో ఘోరం జరిగింది. 1839 నవంబరులో వచ్చిన తుఫానుకు సముద్రం పొంగి కోరంగి మీద పడింది. ఇళ్లు, ఓడలు, మనుషులు కొట్టుకుపోయారు. ఆ రేవు మళ్లీ మునుపటిలా కోలుకోలేదు. ఆ సమయంలో పారిస్ మూడో యాత్రలో, వేరే సముద్రంలో ఉన్నారు. ఐరోపా బయటి ప్రజల పడవల నిర్మాణం మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం 1841 నుంచి 1843 వరకు అచ్చయింది. అరేబియా, భారతదేశం, మలయా, చైనా, పసిఫిక్ దీవుల పడవలెన్నో వందకు పైగా పటాల్లో అందులో ఉన్నాయి. ఆ పుస్తకం అచ్చయ్యే నాటికి కోరంగి రేవు పాడుపడిపోయింది. దోనె మాత్రం కొలతలతో సహా కాగితం మీద భద్రంగా ఉంది.

ఇక్కడ ఒక మాట గమనించాలి. ఆ ఓడలు మన తీరానికి వచ్చింది ఫ్రెంచి వ్యాపారం కోసం, ఫ్రెంచి జెండా గౌరవం కోసం. పెద్ద ఫిరంగుల ఓడలో వచ్చినవాడికి జాలరి తెప్ప చిన్నదిగా కనిపించడం సులువు. పారిస్ మాత్రం యుద్ధనౌకను ఎంత శ్రద్ధగా గీస్తారో తెప్పను కూడా అంత శ్రద్ధగానే గీశారు. ఏ చదువూ లేనివారని అందరూ అనుకున్న పడవ పనివారి చేతిలో ఎంత తెలివి ఉందో ఆయన గీతలు చెబుతాయి.

పాతవాటిని ప్రేమించాడు కాబట్టి కొత్తవంటే ఆయనకు గిట్టదనుకోకండి. ఆవిరి ఓడల్లో ఆయన ఆరితేరినవారు. ఆర్కిమెడ్ అనే ఆవిరి ఓడకు కెప్టెన్‌గా మళ్లీ ఆసియా సముద్రాలకు వచ్చారు. బోన్‌ఫూ అనే మరో నావికుడితో కలిసి తెరచాప ఓడలకు, ఆవిరి ఓడలకు సంబంధించిన మాటల నిఘంటువు తయారుచేశారు. ఓడను ముందుకు నెట్టే ప్రొపెల్లర్ మీద పుస్తకం రాశారు. ఆవిరి యంత్రం ఎంత వేగంగా వస్తోందో తెలుసు కాబట్టే, తెరచాపలు ఎంత వేగంగా పోతాయో ఆయనకు ముందే తెలిసింది. 1863లో ఫ్రాన్స్ విజ్ఞాన అకాడమీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది. 1864లో వైస్ అడ్మిరల్ అయ్యారు.

1871లో, అరవై అయిదేళ్ల వయసులో, పారిస్‌లోని లూవ్ర్ భవనంలో ఉన్న నౌకా మ్యూజియం బాధ్యత ఆయనకు అప్పగించారు. ఇతరులు విశ్రాంతి తీసుకునే వయసులో ఆయన అసలు పని మొదలైంది. మ్యూజియం పనివారిని కూర్చోబెట్టి, తాను యౌవనంలో కొలిచి తెచ్చిన పడవలను ఒక్కొక్కటిగా నమూనాలుగా చేయించారు. ఏ తాడు ఎటు పోతుందో, ఏ పలక దేని మీదకు వస్తుందో దగ్గరుండి చూసుకున్నారు. అలా వందకు పైగా పడవలు అద్దాల బీరువాల్లోకి చేరాయి. పాత ఓడల పటాలను వెతికి పట్టుకుని 1882 నుంచి సంపుటాలుగా వేయించారు. 1893 ఏప్రిల్ 8న కన్నుమూసేవరకు ఆ మ్యూజియం బాధ్యతలోనే ఉన్నారు. చివరి సంపుటం ఆయన పోయాక వెలువడింది.

ఆ మ్యూజియం తర్వాత పారిస్‌లోనే ఇంకో భవనంలోకి మారింది. నమూనా ఓడలు చేసేవారు ఈనాటికీ ఆయన పటాలు ముందు పరచుకుని రంపం పడతారు. వాళ్లలో చాలామంది మసులా పడవను ఎన్నడూ చూసి ఉండరు. అయినా వాళ్ల బల్ల మీద అది తయారవుతుంది.

పిల్లలూ, మన ఇళ్లలో బదిలీ ఆర్డరు ఎప్పుడు వస్తుందో తెలియదు. ఎలాగూ వెళ్లిపోయే ఊరే కదా అని, ఉన్న ఊరిని సరిగా చూడకుండానే సామాన్లు సర్దేస్తుంటాం. పారిస్ ఏ రేవులోనూ ఎక్కువ రోజులు ఉండలేదు. ఉండనని తెలిసే ప్రతి రేవులోనూ కొలత తాడు పట్టుకుని దిగారు. ఆయన కొలిచిన రోజున ఆ పడవలు అందరికీ మామూలువే. తాళ్ళరేవు మండలంలో ఇప్పుడు ఒక చిన్న ఊరుగా మిగిలిన కోరంగికి వెళ్లి అడిగినా, ఆ నాటి దోనెను చూపించగలవారు ఉండరు.

ఈ వేసవి సెలవుల్లో తాతగారి ఊరు వెళ్తే, అక్కడ చెరువులోనో కాలువలోనో ఒక పడవో దోనెనో ఉంటే, టేపు పట్టుకుని దిగండి. పడవ లేకపోతే ఎడ్లబండి, నాగలి, నాయనమ్మ రోలు ఏదైనా సరే. ఇక్కడ భిలాయిలో మీ క్వార్టర్‌ను కూడా కొలవండి. వరండా ఎంత, మెట్లు ఎన్ని, జామచెట్టు గోడకు ఎంత దూరం. పొడవు, వెడల్పు, లోతు రాసుకోండి. పక్క నుంచి ఒక బొమ్మ, పైనుంచి ఒక బొమ్మ గీయండి. తేదీ వేయండి. తర్వాత నలుగురు స్నేహితులు కూర్చుని అట్టతో దాన్ని చేసి చూడండి. మీరు వేరే ఊళ్లో ఉన్న రోజున, ఈ ఊరు మారిపోయిన రోజున, ఆ కాగితం చూసి ఎవరైనా దాన్ని మళ్లీ చేయగలుగుతారు.