గుమాస్తా బల్ల నుంచి విశ్వదాత దాకా

గుంటూరు: మిర్చి యార్డులో టిక్కీలు దిగే వేళకు వచ్చి, కాటా చీటీలు రాసి, రైతు లెక్క కట్టి చిట్టాకు ఎక్కించే గుమాస్తాలు కొన్నేళ్లకు సొంత కమీషన్ దుకాణం తెరవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పత్తి జిన్నింగు మిల్లుల్లోనూ ఇదే వరుస. అయినా డిగ్రీ పట్టా చేతికి వచ్చిన యువకుల్లో కొందరు గుమాస్తా పనిని చిన్నచూపు చూస్తున్నారు. అటువంటి వారు తెలుసుకోదగిన జీవితం దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుది.

పొరుగున ఉన్న కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867 మే 1న ఆయన జన్మించారు. 1891లో మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులయ్యారు. ఆ రోజుల్లో బి.ఏ. పట్టా సర్కారు కొలువుకు రాచబాట. పంతులు ఆ బాట పట్టలేదు. మద్రాసులో వ్యాపారం మొదలుపెట్టినా అది ఎంతోకాలం సాగలేదు. అనంతరం కలకత్తాలో కొంతకాలం పనిచేసి, బొంబాయి చేరి ఒక కార్యాలయంలో ఉద్యోగానికి కుదిరారు.

కార్యాలయంలో పనిచేసే వానికి సరకు ఎక్కడి నుంచి వస్తున్నదీ, ఎంతకు పడుతున్నదీ, బాకీ ఎప్పుడు వసూలవుతున్నదీ, లాభం ఎక్కడ జారిపోతున్నదీ రోజూ కళ్లెదుటే కనిపిస్తాయి. ఏ గ్రంథమూ నేర్పని విద్య అది. ఒకసారి వ్యాపారంలో నిలదొక్కుకోలేకపోయిన పంతులు, పరాయి కొలువులో గడిపిన కాలాన్ని వృథా పోనివ్వలేదు. 1893లో బొంబాయిలోనే అమృతాంజనం తయారీకి శ్రీకారం చుట్టారు.

మందు తయారైతే చాలదు, కొనేవారు కావాలి. పేరు తెలియని మందుకు ఎవరూ డబ్బు పెట్టరు. అందుకే ఆయన సంగీత సభలకు వచ్చిన శ్రోతలకు అమృతాంజనాన్ని ఉచితంగా పంచిపెట్టించారు. గుణం కనిపించిన వారు తామే అడిగి కొనసాగారు. తలనొప్పి మందు ఇంటింటి వస్తువైంది.

వచ్చిన ధనాన్ని ఆయన పెట్టెలో దాచలేదు. 1908లో బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక వారపత్రికను వెలువరించారు. 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా నడిపారు. 1924లో భారతి మాసపత్రికను, 1926లో ఆంధ్ర గ్రంథమాలను ప్రారంభించారు. పత్రికల భారాన్ని అమృతాంజనం ఆదాయం మోసింది. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగిన నాటి నుంచి సాగిన ప్రత్యేకాంధ్ర ఉద్యమానికి ఆంధ్రపత్రిక అండగా నిలిచింది.

1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనను కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. మరుసటి ఏడాది అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా మారింది. అడిగిన వారికి లేదనకుండా ఇచ్చినందున విశ్వదాతగా పేరొందారు. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య ఒడంబడిక మద్రాసులోని ఆయన స్వగృహం శ్రీబాగ్‌లోనే కుదిరింది. 1938 ఏప్రిల్ 11న కన్నుమూశారు. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రాన్ని చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.

పట్టా ఉండి కూడా పరుల కొలువులో పని నేర్చుకోవడానికి పంతులు సంకోచించలేదు. ఆ పనితనం మీద నిలిచిన వ్యాపారమే తెలుగువారికి ఒక దినపత్రికను ఇచ్చింది. నేడు యార్డులో చిట్టా రాస్తున్న యువకుడు తన బల్లను తక్కువగా ఎంచుకోవలసిన పని లేదు.